తడిసిన కాగితాలను ఎలా ఆరబెట్టాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ముందు ఒక కవిత రాద్దామనుకున్నాను. రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. కవితలు రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నాకు చేతనైన పని ఒకటుంది, దాని గురించే రాస్తున్నాను. నీళ్ళలో తడిసిన సర్టిఫికెట్టును, నోటుబుక్కును, రిజిస్టరును పాడుకాకుండా ఆరబెట్టడం. వినడానికి చిన్న విషయమే. కానీ పొలం పాసుపుస్తకమో, ఇంటి దస్తావేజో లేని ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం మనం. మన ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేయాల్సిన వస్తువంటూ ఉంటే అది మన మెమోలే. ఆ బీరువా కూడా ఉండదు, ట్రంకు పెట్టె ఉంటుంది.

నా ట్రంకు పెట్టె సంగతి ముందు చెప్తాను.

2020 మార్చిలో కరోనా వల్ల హాస్టళ్ళు మూసేశారు. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి, పెట్టె నెత్తిన పెట్టుకొని కిషన్‌బాగ్ వెళ్ళిపోయాను. మా నాయన మేస్త్రీ పనికి, అమ్మ ఇళ్ళల్లో పనికి పాలమూరు నుంచి వచ్చి అక్కడ ఒక గది కిరాయికి తీసుకొని ఉంటున్నారు. కిషన్‌బాగ్ తెలియనివాళ్ళకు చెప్పాలంటే, పాతబస్తీలో బహదూర్‌పురా దాటాక, జూపార్కుకూ మూసీకీ మధ్యన ఉన్న బస్తీ అది. ఏటికి అవతలి ఒడ్డున జియాగూడ. ఎండాకాలంలో మూసీ అంటే వాసనే తప్ప నీళ్ళు గుర్తుకు రావు. కానీ ఆ ఏటికి పాత చరిత్ర ఉంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో వేలమంది కొట్టుకుపోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ ఒక్కరోజే పోగొట్టుకున్నాడు. ఆ వరద తర్వాతే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇప్పటికీ ఆ రెండు చెరువుల గేట్లు ఎత్తారంటే మా గల్లీలో ఆడవాళ్ళు బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కిస్తారు.

2020 అక్టోబరు 13న అదే జరిగింది. ఆ రోజు ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది. మా దగ్గర రాత్రి పదకొండింటికి నాలా నీళ్ళు ఎదురుతన్ని గడప దాటాయి. పై అంతస్తులో ఉండే ఖాలా మెట్ల మీద నిలబడి, "బేటా, కాగజ్ ఊపర్ లేకే ఆవ్" అని అరుస్తూనే ఉంది. మేము బియ్యం ఎత్తుకున్నాం, గ్యాస్ సిలిండర్ ఎత్తుకున్నాం, చెల్లెను ఎత్తుకున్నాం. మంచం కింది పెట్టె గుర్తొచ్చేసరికి మోకాళ్ళ లోతు నీళ్ళున్నాయి. రేకు పెట్టె మూత గట్టిదే. అడుగు అతుకులు తుప్పుపట్టి ఉన్నాయి. నీళ్ళు పైనుంచి కాదు, కిందినుంచి వచ్చాయి.

అందులో ఏమేమున్నాయంటే, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, బోనఫైడ్‌లు, లామినేషన్ చేయించిన కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, నా ఫిజిక్స్ నోట్సు, హాస్టల్లో మేమంతా దిగిన గ్రూపు ఫోటో, అమ్మ పొదుపు సంఘం పుస్తకం. డిగ్రీ అడ్మిషన్లు నడుస్తున్న రోజులవి. కాలేజీలో రిపోర్టు చేయాల్సిన తేదీ దగ్గర పడింది.

ఆ తర్వాతి మూడు రోజుల్లో నేను చేసినవన్నీ తప్పులే. వరుసగా చెప్తాను, ఎందుకంటే ఎవరైనా సహజంగా చేసేవే అవి.

మొదటిది, కాగితాలను ప్లాస్టిక్ కవర్లో నుంచి తీయకుండా అలాగే పైన పెట్టేశాను. కవర్లో ఉన్నాయి కదా భద్రమే అనుకున్నాను. ఇల్లు కడిగి బురద ఎత్తిపోసేసరికి రెండు పగళ్ళు గడిచాయి. కవరు విప్పితే పుట్టగొడుగుల వాసన వచ్చింది.

రెండోది, కాస్త ఎండ పొడ కనబడగానే డాబా మీద పరిచి, పైన రాళ్ళు పెట్టాను. కాగితాలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. ఊదారంగు ముద్రలు, ఆకుపచ్చ సిరాతో చేసిన సంతకాలు వెలిసిపోయాయి.

మూడోది, వంకర్లు పోవాలని ఇస్త్రీపెట్టె పెట్టాను. ఇంటర్ మెమోలో రెండు సబ్జెక్టుల మార్కులు పైన కప్పిన గుడ్డకు అంటుకొని వచ్చేశాయి. ఆ గుడ్డను ఇప్పటికీ అమ్మ దాచింది. నవ్వులాటకు అప్పుడప్పుడు తీసి చూపిస్తుంది. ఆ రోజు మాత్రం ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

నాలుగోది లామినేషన్. మూలలో చిన్న చిరుగు ఉండి దాంట్లోంచి నీళ్ళు లోపలికి చేరాయి. బయటికి రావడానికి దారి లేదు. మూడో రోజుకు లోపల నల్లటి బూజు చుక్కలు. బ్లేడుతో కోసి తీద్దామంటే ప్లాస్టిక్‌తో పాటు కాగితం పైపొర ఊడి వచ్చింది. కొత్త కుల ధ్రువీకరణ పత్రం కోసం మీసేవకు, తహసీల్దారు కార్యాలయానికి తిరిగి తిరిగి, చివరి తేదీకి ఒక్కరోజు ముందు తెచ్చుకున్నాను. ఆ ఒక్కరోజు తేడాలో నా డిగ్రీ సీటు ఉండింది.

తర్వాత లైబ్రరీ సైన్సులో పీజీకి వచ్చాక, గ్రంథ పరిరక్షణ పాఠం చెబుతున్న రోజున నాకు ఒళ్ళు మండింది. నేను చేసిన నాలుగు పనులూ "చేయకూడనివి" అన్న శీర్షిక కింద వరుసగా బోర్డు మీద ఉన్నాయి! ఎవరైనా పదో తరగతిలోనే ఇది చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. అందుకే ఇప్పుడు మీకు చెప్తున్నాను.

కాగితం అంటే మొక్కల నారను నీళ్ళలో నానబెట్టి, పలుచగా పరిచి, నీళ్ళు పిండేసి ఆరబెట్టిన పొర. ఆ నారపోగులు ఒకదాన్నొకటి పట్టుకొని ఉండడం వల్లే దానికి బలం. మళ్ళీ నీళ్ళు తగిలితే ఆ పట్టు సడలుతుంది. పొడిగా ఉన్నప్పటి బలంలో చాలా కొద్దిభాగమే మిగులుతుంది. తడి కాగితాన్ని మూల పట్టుకొని లేపితే చిరిగేది అందుకే. పైగా తడిసిన పోగులు ఉబ్బుతాయి, ఆరేటప్పుడు ముడుచుకుంటాయి. ఒకపక్క ఎండ తగిలి తొందరగా ఆరి, ఇంకోపక్క తడిగా ఉంటే వంకర తిరగక ఏం చేస్తుంది? మెల్లగా, అన్నివైపులా ఒకేలా ఆరాలి.

రెండో శత్రువు బూజు. దాని విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. మన వానాకాలపు వేడిలో, గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు, తడిసిన 48 గంటల్లో కాగితం మీద మొలకెత్తుతాయి. కాబట్టి గడియారం మొదలయ్యేది నీళ్ళు వచ్చినప్పుడే, మనకు తీరిక దొరికినప్పుడు కాదు. ఇల్లు కడగడం ఒకరోజు ఆలస్యమైనా ఫరవాలేదు, కాగితాలను మాత్రం అదే రోజు విప్పాలి.

ఇంత పెద్ద ప్రపంచంలో ఈ సంగతి అందరికీ ముందే తెలుసనుకోకండి. 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లారెన్స్ నగరం మునిగింది. అక్కడి జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు బురదపాలయ్యాయి. ఎక్కడెక్కడి దేశాలనుంచో విద్యార్థులు వచ్చి, వరుసగా నిలబడి, చేతికి చేయి అందించుకుంటూ పుస్తకాలను నేలమాళిగల్లో నుంచి పైకి చేర్చారు. వాళ్ళకు 'బురద దేవదూతలు' అన్న పేరు వచ్చింది. పొగాకు ఆరబెట్టే కొట్టాల్లో పుస్తకాలు ఆరబెట్టారు. తడి పీలుస్తుందని రంపపు పొట్టు చల్లితే అది పేజీలకు అంటుకొని ఇంకో తలనొప్పి అయింది. అంటే పెద్ద పెద్ద నిపుణులు కూడా ఆ దెబ్బతోనే నేర్చుకున్నారు. ఇప్పుడు మనం చదివే పద్ధతుల్లో చాలావరకు ఆ వరద తర్వాత వచ్చినవే.

ఇంకొకటి మన సర్టిఫికెట్ల బాధకు దగ్గరగా ఉంటుంది. 1973 జులై 12న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సైనికుల సర్వీసు రికార్డులు దాచిన భవనం అంటుకుంది. కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్ళు బూడిదయ్యాయి. కాలకుండా మిగిలినవి మంటలార్పిన నీళ్ళలో నానిపోయాయి. ఆ ఫైలు లేకపోతే మాజీ సైనికుడు తన సర్వీసును రుజువు చేసుకోవడమే కష్టం. తడిసిన ఫైళ్ళను పాల క్రేట్లలో పేర్చి, ఒక విమాన కంపెనీ దగ్గరున్న పెద్ద శూన్యపు గదిలో, గాలి లాగేసి తడి ఆవిరయ్యేలా చేసి ఆరబెట్టారు. అగ్రరాజ్యంలో సైనికుడికి కూడా చివరికి ఒక తడి కాగితమే దిక్కయిన సందర్భం అది.

మనకు శూన్యపు గదులు లేవు. ఫ్యాన్లు ఉన్నాయి, తెల్లకాగితాలు ఉన్నాయి, తాడు ఉంది, ఎవరింట్లోనో ఒక ఫ్రిజ్ ఉంటుంది. వీటితో చేసే పని ఇది.

ముందు మీ సంగతి. వరద నీళ్ళంటే మురుగునీళ్ళే. చేతికి తొడుగులు, లేదా కనీసం పాలిథిన్ సంచులు కట్టుకోండి. ముక్కుకు రుమాలు కట్టుకోండి, ముఖ్యంగా బూజు వచ్చినవాటికి. చేతికి పుండు ఉన్నవాళ్ళు ఆ పనికి దిగవద్దు.

తర్వాత కాగితాలను మూడు కుప్పలు చేయండి. మళ్ళీ దొరకనివి ఒకటి, దొరికినా ఆలస్యమయ్యేవి ఒకటి, కొనుక్కోగలిగినవి ఒకటి. గైడ్లు, టెస్టుపేపర్లు మూడో కుప్పలోవి. వాటిమీద ప్రేమ వద్దు. నేను ఆ రోజు ఫిజిక్స్ గైడు ఆరబెడుతూ ఒక గంట పోగొట్టాను, ఆ గంటలో కుల ధ్రువీకరణ పత్రం బూజు పట్టింది.

విడి కాగితమైతే చేత్తో పట్టి లేపకండి. మందమైన ప్లాస్టిక్ షీటు, పాత ఎక్స్‌రే ఫిల్మైనా సరే, కిందికి జారనిచ్చి దాంతో సహా లేపండి. రెండు మూడు కాగితాలు అంటుకొని ఉంటే లాగకండి. ఒక వెడల్పాటి పళ్ళెంలో మంచినీళ్ళు పోసి అందులో తేలనివ్వండి. పలుచటి ప్లాస్టిక్ కాగితాన్ని పై కాగితం మీద పరిచి చేత్తో మెల్లగా రుద్దితే, తడి వల్ల పై కాగితం ప్లాస్టిక్‌కు అతుక్కుంటుంది. అప్పుడు ప్లాస్టిక్‌ను ఒక మూలనుంచి లేపితే దాంతోపాటే విడివడి వస్తుంది. దాన్ని తెల్లగుడ్డ మీద బోర్లించి ప్లాస్టిక్ తీసేయాలి. ఈ కిటుకు మొదటిసారి చూసినప్పుడు నాకు గారడీలా అనిపించింది. అయితే ఒక జాగ్రత్త. నీళ్ళకు కరిగే సిరాతో రాసిన కాగితాన్ని మాత్రం మళ్ళీ నీళ్ళలో వేయకూడదు. దాన్ని ఉన్నచోటే ఉంచి, పైన తెల్లకాగితం అద్ది తడి పీల్చాలి.

విడదీసిన కాగితాలను నీడలో, గాలి ఆడే గదిలో, తెల్లటి నూలుగుడ్డ మీద పరచాలి. ఫ్యాన్ తిరగాలి, కానీ గాలి నేరుగా కాగితం మీద కొట్టకూడదు. కిటికీలు తీసి ఉంచాలి, బయట వాన పడుతుంటే మూయాలి. ముక్కాలు వంతు ఆరి, ముట్టుకుంటే చల్లగా అనిపించే స్థితిలో, రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, పైన చదునైన చెక్క, దానిమీద నాలుగు లావు పుస్తకాలు ఉంచండి. లోపలి తెల్లకాగితాలను పూటపూటా మార్చండి. రెండు మూడు రోజుల్లో సాపుగా వస్తుంది. ఇస్త్రీపెట్టె అక్కర్లేదు. జిరాక్సు, లేజర్ ప్రింటు అక్షరాలంటే నిజానికి సన్నటి ప్లాస్టిక్ పొడి కరిగి కాగితానికి అంటుకున్నవి. మళ్ళీ వేడి తగిలితే మళ్ళీ మెత్తబడతాయి. నా మార్కులు గుడ్డకు పోయింది అందుకే.

చాలామంది న్యూస్‌పేపరు వాడతారు. తడి బాగానే పీలుస్తుంది, కానీ దాని నల్లసిరా మీ మెమోకు అంటుతుంది. అచ్చువేయని న్యూస్‌ప్రింటు దొరికితే వాడండి. లేదంటే జిరాక్సు కాగితం, తుడుచుకునే టిష్యూ కాగితం, ఉతికిన పాత తెల్లపంచె.

పుస్తకమైతే పద్ధతి వేరు. పూర్తిగా నానిన పుస్తకాన్ని తెరవకూడదు. బురద ఉంటే, గట్టిగా మూసిపట్టుకొని బకెట్లో మంచినీళ్ళలో ముంచి తీయండి, రుద్దకండి. తర్వాత తలకిందులుగా నిలబెట్టి నీళ్ళు కారనివ్వండి. కొంచెం తడి తగ్గాక, ఇరవై ముప్పై పేజీలకొకటి తెల్లకాగితం దూర్చండి. మరీ ఎక్కువ దూరిస్తే వెన్ను విరుగుతుంది. రెండు మూడు గంటలకోసారి వాటిని మార్చాలి. ఇదే అసలు కష్టం, రాత్రి కూడా లేచి మార్చాలి. హాస్టల్లో అయితే వంతులు వేసుకోవచ్చు, స్టడీ అవర్‌కు వేసుకున్నట్టు. తడి సగానికి తగ్గాక విసనకర్రలా పేజీలు విప్పి నిలబెట్టండి. నున్నగా మెరిసే కాగితం ఉన్న పుస్తకాలు, అట్లాసుల్లాంటివి, తడిగా ఉన్నప్పుడే పేజీ పేజీకి కాగితం పెట్టాలి. ఒకసారి అంటుకొని ఆరితే అవి ఇటుకలైపోతాయి.

ఒకేసారి వంద తడిస్తే అన్నీ ఎలా ఆరబెట్టాలి? ఇక్కడే ఫ్రిజ్ పనికొస్తుంది. తడి పుస్తకాన్ని మైనపు కాగితంలో గానీ ప్లాస్టిక్ సంచిలో గానీ చుట్టి, గడ్డకట్టే అరలో పెడితే, బూజు పెరగడం ఆగిపోతుంది, సిరా పాకడం ఆగిపోతుంది. తర్వాత తీరిక చూసుకొని ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. 1972లో అమెరికాలోని కార్నింగ్ గాజు మ్యూజియం వరదలో మునిగినప్పుడు అక్కడి లైబ్రరీ పుస్తకాలను ఇలాగే గడ్డకట్టించి నిలబెట్టారు. ప్లాస్టిక్ సంచి ఇక్కడ ఎందుకు తప్పు కాదని మీరు అడగవచ్చు. గడ్డకట్టేంత చలిలో బూజు పెరగదు కాబట్టి. అదే సంచి బయట మంచం మీద ఉంటే బూజుకు పొదిగే గూడవుతుంది. గడ్డకట్టించిందీ మళ్ళీ ఆరబెట్టాల్సిందే, ఫ్రిజ్ టైమిస్తుంది, అంతే. మా పైన ఖాలా ఫ్రిజ్‌లో మటన్ పక్కన చోటుండేది. నాకు తెలియక అడగలేదు.

ఫోటోల సంగతి ఒక్కమాట. స్టూడియోలో కడిగించిన ఫోటోలు తడిగా ఉన్నంతసేపూ బాగానే విడివడతాయి, ఆల్బంలో అంటుకొని ఆరాయంటే ఇక రావు. వెంటనే మంచినీళ్ళలో ఒక్కొక్కటిగా కడిగి, బొమ్మ ముట్టుకోకుండా అంచులకు క్లిప్పు పెట్టి తాడుకు వేలాడదీయండి. మా హాస్టల్ గ్రూపు ఫోటో అలా కాకుండా మెమోకు అంటుకొని ఆరింది. మొదటి వరుసలో ఎడమనుంచి నలుగురి ముఖాలు లేవు. ఆ నలుగురిలో నేనొకణ్ణి.

ఇక సిరాల గురించి. దీని గురించి ఎవరూ ఆలోచించరు గానీ సగం నష్టం ఇక్కడే ఉంది. బాల్‌పెన్ సిరా నూనెలాంటిది, నీళ్ళకు అంత తొందరగా కదలదు. ఫౌంటెన్ పెన్ సిరాలు, చాలా జెల్‌పెన్నులు నీళ్ళతో చేసినవి, పాకిపోతాయి. కొన్ని జెల్‌పెన్నుల్లో రంగు పొడిరూపంలో ఉంటుంది, అవి నిలుస్తాయి. ముద్రల ప్యాడ్ సిరా, ఇంక్‌జెట్ ప్రింటు చాలావరకు నిలవవు. అన్నిటికంటే గట్టిది పెన్సిల్. దాని గీత కార్బన్, నీళ్ళలో కరగనే కరగదు. ఏ పెన్ను మంచిదో కంపెనీ చెప్పింది నమ్మకండి. మీ డెస్కులో ఉన్న పెన్నులన్నిటితో ఒక కాగితం మీద పేరు రాసి, రాత్రంతా గ్లాసు నీళ్ళలో వేసి, పొద్దున చూడండి. మేము క్లాసులో చేశాం. ఖరీదైన పెన్ను ఓడిపోయింది, ఐదు రూపాయల బాల్‌పెన్ గెలిచింది.

పెన్సిల్ అంటే ఒక సరదా సంగతి గుర్తొచ్చింది. జియోక్యాషింగ్ అని ఒక ఆట ఉంది. ఉపగ్రహాల ద్వారా చోటు చెప్పే జీపీఎస్ సంకేతాలను అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి కావాలనే కొంత తప్పుగా అందించేది. 2000 మే మొదట్లో ఆ అడ్డంకి తీసేసింది. మరునాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో అడవిలో ఒక బకెట్ దాచిపెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలు చెప్పి, వెతుక్కోమన్నాడు. బకెట్లో కొన్ని వస్తువులతో పాటు ఒక పుస్తకం, ఒక పెన్సిల్ పెట్టాడు. కనుక్కున్నవాళ్ళు అందులో పేరు, తేదీ రాయాలి. అంతే ఆట. ఇప్పుడు ప్రపంచమంతటా ఇలాంటి డబ్బాలు ఉన్నాయి. చెట్టుతొర్రలో, రాళ్ళసందులో ఏళ్ళ తరబడి ఉండే ఆ పుస్తకాలకు వచ్చే పెద్ద జబ్బు తడే! మూతకున్న రబ్బరు చుట్టులో ఇసుక రేణువు పడితే చాలు, నీళ్ళు దిగుతాయి. వానలో తడిచేతులతో రాసి మూత బిగిస్తే ఆ తడి లోపలే ఉండి బూజు తెస్తుంది. అచ్చం నా ప్లాస్టిక్ కవరు కథే.

ఆ ఆటగాళ్ళలో నాకు నచ్చిన మర్యాద ఒకటుంది. తడిసిన పుస్తకం దొరికితే దాన్ని పారేయరు, ఇంటికి పట్టుకుపోరు. ఫోటో తీసుకొని, ఒక పొడి చీటీ లోపల పెట్టి, తర్వాత వచ్చేవాళ్ళు దానిమీద రాసేలా చేసి, డబ్బా యజమానికి కబురు పెడతారు. ఆయన వచ్చి కొత్త పుస్తకం పెట్టి, పాతదాన్ని ఆరబెట్టుకొని దాచుకుంటాడు. ఎవరివో తెలియని పేర్లున్న తడి పుస్తకం కోసం అంత శ్రద్ధ.

ముందుజాగ్రత్తల దగ్గరికి వస్తే, సర్టిఫికెట్లు లామినేషన్ చేయించవద్దని గట్టిగా చెప్తున్నాను. వేడితో అంటించిన ప్లాస్టిక్ మళ్ళీ రాదు. మంచి ఫోల్డరు చాలు. అది కూడా మెత్తటి, వాసన వచ్చే ప్లాస్టిక్‌ది వద్దు, ఏళ్ళు గడిస్తే జిరాక్సు అక్షరాలు దానికి అంటుకుంటాయి. పెట్టెను నేలమీద పెట్టకండి. రెండు ఇటుకలు కాదు, మనిషి ఛాతీ ఎత్తున అటక మీద ఉండాలి. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషనులోకే నీళ్ళొచ్చాయి కదా, ఆ రాత్రి మా ఇంట్లో పెట్టె అటక మీదే ఉంది. అమ్మ మొదట అటు చూసి, తర్వాతే బియ్యం డబ్బా ఎత్తింది.

2015లో మొదలైన డిజిలాకర్‌లో మీ మెమోలు ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. అందులో సంస్థలే నేరుగా జారీచేసిన పత్రాలు అసలు వాటితో సమానమని 2017లో కేంద్రం నిబంధనల్లో చేర్చింది. మనం ఫోటో తీసి ఎక్కించుకున్నవాటికి మాత్రం ఆ విలువ ఉండదు, ఈ తేడా గుర్తుంచుకోండి. మీసేవ ద్వారా తీసుకున్న పత్రాల మీద ఉండే నంబరును విడిగా ఒక నోటుబుక్కులో, పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. పదో తరగతి మెమో పూర్తిగా పాడైతే, చదివిన బడి ప్రధానోపాధ్యాయుల ద్వారా ఎస్సెస్సీ బోర్డుకు డూప్లికేటు కోసం దరఖాస్తు చేయాలి. పాడైన ముక్కను పారేయకండి, పోయిందని చెప్పడం కంటే ఇదిగో పాడైందని చూపించడం తేలిక. తడిసిన నోట్లు కూడా అంతే, ఆరబెట్టి బ్యాంకుకు తీసుకెళ్తే మారుస్తారు.

అమ్మ పొదుపు పుస్తకం సంగతి మిగిలిపోయింది. అది జెల్‌పెన్నుతో రాసింది. పద్నాలుగు కిస్తీలు కట్టినట్టు అమ్మకు నోటికి తెలుసు, పుస్తకంలో తొమ్మిదే కనబడ్డాయి. మిగతా ఐదూ నీలిమరక. సంఘంలో కొంచెం మాటా మాటా వచ్చింది. "నేనేమన్న అబద్దమాడ్తనా బిడ్డా?" అని అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. లీడరమ్మ ఇల్లు రెండో అంతస్తులో ఉండడం వల్ల సంఘం పెద్దపుస్తకం తడవలేదు, అందులో పద్నాలుగూ ఉన్నాయి. ఇప్పుడు మా సంఘంలో బాల్‌పెన్ తప్ప ఇంకోటి వాడనివ్వడం లేదు. ఆ నిబంధన పెట్టించింది అమ్మే.

ఇంత రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన హాస్టల్ స్టోరు గదిలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి. గత వానాకాలంలో గోడ చెమ్మ పట్టి కింది వరుసలోవి తడిశాయి. వార్డెన్ సార్ అనుమతితో నేనూ, ఈ ఏడాది పది, ఇంటర్ చదువుతున్న ఆరుగురు తమ్ముళ్ళూ కలిసి మూడు ఆదివారాలు కూర్చున్నాం. ఐదు రిజిస్టర్లలో నాలుగు విడివడ్డాయి. పాతకాలపు నీలినల్ల సిరాతో రాసిన పేర్లు చెక్కుచెదరలేదు. ఆ సిరా ఇనుముతో చేసింది, ఆరాక కాగితంలోకి ఇంకిపోయి నీళ్ళకు కదలదు. ఫౌంటెన్ పెన్ మామూలు నీలిసిరాతో రాసిన సంవత్సరాలవే పోయాయి. తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ ఉన్న గడులన్నీ మబ్బుల్లా ఉన్నాయి. పెన్సిల్‌తో రాసిన వరుస నంబర్లు మాత్రం ఒక్కటి కూడా పోలేదు.

ఐదో రిజిస్టరులో మధ్యన పదకొండు ఆకులు ఇంకా అంటుకొనే ఉన్నాయి. వాటిని పళ్ళెంలో వేసి విడదీయడానికి వీల్లేదు, సిరా కరుగుతుంది. తేమగా ఉంచిన డబ్బాలో పెట్టి రోజుకొక ఆకు చొప్పున ప్రయత్నిస్తున్నాం. మబ్బుపట్టిన గడులున్న పేజీలను ఫోటోలు తీసి ఉంచాం. వార్షికోత్సవం రోజున వచ్చే అన్నలు స్టోరు గదికి ఒకసారి రండి. మీరు ఏ సంవత్సరం చేరారో, మీ పక్క మంచం ఎవరిదో, ఏ ఊరినుంచి వచ్చారో చెబితే, పక్కన పెట్టిన కొత్త రిజిస్టరులో రాసుకుంటాం. పెన్సిళ్ళు మా దగ్గర ఉన్నాయి. భోజనాలు అయ్యాక వచ్చేవాళ్ళు చేతులు కడుక్కొని, బాగా తుడుచుకొని రాగలరు.